మండపంలో రెండో ఫ్లాష్: ఆప్టికల్ స్లేవా, రేడియో ట్రిగ్గరా?

పెళ్లి మండపంలో కెమెరా మీది ఫ్లాష్ ఒక్కటే చాలదు. వెనుక మూలన స్టాండుకు ఇంకొకటి బిగిస్తేనే వధువు పూలజడ అంచున వెలుగు పడుతుంది. ఆ రెండోదాన్ని సమయానికి వెలిగించడం ఎలాగన్నదే సమస్య.

ఆప్టికల్ స్లేవ్‌కు అదనపు ఖర్చు ఉండదు. చాలా ఫ్లాష్‌లలో ఎస్1, ఎస్2 పేర్లతో ముందే ఉంటుంది. మొదటి ఫ్లాష్ వెలుగు తగలగానే ఇదీ వెలుగుతుంది. టీటీఎల్ (వెలుగు ఎంత కావాలో కెమెరాయే కొలిచి నిర్ణయించే పద్ధతి) వాడితే, కొలత కోసం ముందొచ్చే చిన్న మెరుపు, అంటే ప్రీ-ఫ్లాష్‌కే ఎస్1 మోసపోతుంది కాబట్టి, దాన్ని పట్టించుకోని ఎస్2 పెట్టుకోవాలి. చిక్కేమిటంటే, దానికి యజమాని ఎవరో తెలియదు. ఒక పెళ్లిలో ఆడపెళ్లివారి ఫోటోగ్రాఫర్ నొక్కిన ప్రతిసారీ నా ఫ్లాషూ వెలిగింది. తీరా జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించే క్షణానికి ఛార్జ్ లేక మూగబోయింది. ఫోటోలో ముఖాలున్నాయి, వెనుకంతా చీకటి.

కెమెరా మీద నుంచి రేడియో సంకేతంతో రెండో ఫ్లాష్‌ను వెలిగించే రేడియో ట్రిగ్గర్‌కు ఈ బాధ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతానికి స్తంభం చాటు పెద్ద అడ్డు కాదు, చానల్ మార్చుకుంటే పక్కవారితో పేచీ ఉండదు. కాకపోతే సంకేతం చేరడంలో అతి స్వల్ప ఆలస్యం ఉంటుంది. కెమెరా సింక్ వేగం (ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం) 1/200 సెకను అయినా, చవక ట్రిగ్గర్‌తో 1/160 దాటితే ఫ్రేము అంచున నల్లని పట్టీ కనిపించవచ్చు. ముహూర్తానికి ముందే తెల్ల గోడను ఫోటో తీసి చూసుకోండి.

ఇంట్లో బారసాలకైతే స్లేవ్ చాలు. మండపానికి నేను రేడియో లేకుండా వెళ్లను, దాని బ్యాటరీలు రెండో జత జేబులో ఉంటాయి.