సిడ్నీ పీకేసింది, మెల్‌బోర్న్ ఉంచుకుంది: ట్రామ్ విషయంలో ఏది మేలు?

మా బావమరిదికి ఆస్ట్రేలియాలో రెండు ఉద్యోగాలు వచ్చాయి, ఒకటి సిడ్నీలో, ఒకటి మెల్‌బోర్న్‌లో. "బావా, కారు కొనకుండా ఏడాది నెట్టుకురావాలి. ఎక్కడైతే నయం?" అని ఫోన్ చేశాడు. "మెల్‌బోర్న్‌లో ట్రామ్ ఉందిరా, వచ్చెయ్" అనబోయి ఆగిపోయాను. మెల్‌బోర్న్ పడమటి శివారులో నేనుండే టార్నీట్‌కి ఆ ట్రామ్ రాదు మరి.

ఒకప్పుడు రెండూ ట్రామ్ ఊళ్లే. 1945లో సిడ్నీ ట్రాముల్లో ఏడాదికి 40 కోట్ల ప్రయాణాలు జరిగాయి. 1961 ఫిబ్రవరి 25న లా పెరూజ్ లైన్‌లో ఆఖరి ట్రామ్ నడిచింది, అంతే, ఊరంతా బస్సుల పాలైంది. సిడ్నీ వీధులు ఇరుకు, వంకరటింకర. యుద్ధం అయ్యాక కార్లు పెరిగాయి. రోడ్డు మధ్యలో ట్రామ్ ఆగితే వెనకున్న కార్లన్నీ ఆగాలి. రోడ్డు నింపింది కార్లు, తిట్లు తిన్నది ట్రామ్. లండన్ నుంచి పిలిపించిన నిపుణులు కూడా బస్సులే మేలన్నారు. హార్బర్ బ్రిడ్జ్ మీద తూర్పువైపున్న రెండు ట్రామ్ లైన్లు తీసేసి ఆ జాగా కార్లకిచ్చారు. పాత ట్రామ్ పెట్టెల్ని రాండ్విక్ వర్క్‌షాపులో గుట్టగా పోసి తగలబెట్టారు. ఒపెరా హౌస్ కట్టింది కూడా ట్రామ్ డిపో పడగొట్టిన చోటే. ఆ ఒక్క డిపో గురించి మాత్రం ఎవరూ బాధపడరనుకోండి!

సిడ్నీని మరీ తప్పుపట్టలేం. మన మద్రాసులో 1953లోనే ట్రామ్ ఆగిపోయింది, బొంబాయిలో 1964లో. అప్పటి గాలే అలాంటిది.

ఆ గాలికి మెల్‌బోర్న్ ఎలా నిలబడింది? ఊరి నడిబొడ్డున వీధులు 99 అడుగుల వెడల్పు, అది కలిసొచ్చింది. ఇంకోటి, ట్రామ్‌వేస్ బోర్డు ఛైర్మన్ రాబర్ట్ రిసన్ మొండితనం. 1949 నుంచి 1970 దాకా ఆయనే ఛైర్మన్. పట్టాల్ని కాంక్రీటులో పాతించాడు. రేపు ఎవరైనా పీకుదామన్నా ఖర్చు చూసి వెనక్కి తగ్గాలి. పైగా నడిబొడ్డునున్న బర్క్ స్ట్రీట్‌లో కేబుల్ ట్రామ్ (నేల కింద తీగ లాగే పాతకాలం ట్రామ్) తీసేసి 1940లో బస్సులు పెట్టి చూశారు. జనం తాకిడికి బస్సులు చాల్లేదు. 1955లో మళ్లీ పట్టాలు వేసి ఎలక్ట్రిక్ ట్రామ్ తిప్పారు. బస్సుతో సరిపెట్టుకోవచ్చన్న ముచ్చట అక్కడే తీరిపోయింది.

ఇప్పుడు మెల్‌బోర్న్‌లో సుమారు 250 కిలోమీటర్ల పట్టాలున్నాయి. ప్రపంచంలో ఇదే పెద్ద ట్రామ్ వ్యవస్థ. సిటీ మధ్యలో 2015 నుంచి టికెట్టే లేదు. కారు నడిపేవాడు ట్రామ్‌కి ఎంత లొంగి ఉండాలో 'హుక్ టర్న్' చేస్తే తెలుస్తుంది. కుడికి తిరగాలంటే ఎడమ అంచుకు పోవాలి. ఆ అంచునే కూడలి అవతలి కొస దగ్గరిదాకా వెళ్లి అక్కడే ఆగాలి. అడ్డరోడ్డుకు పచ్చలైటు పడగానే ఒక్కసారిగా కుడికి కోసెయ్యాలి. ఇదంతా మధ్యనున్న పట్టాల మీద నిలబడి ట్రామ్‌కి అడ్డురాకుండా ఉండటానికే. మొదటిసారి చేసినప్పుడు వెనక హారన్లు, పక్కన ట్రామ్ గంట, నాకు చెమటలు పట్టాయి.

సిడ్నీకి తర్వాత తెలిసొచ్చింది. 2019 డిసెంబర్‌లో జార్జ్ స్ట్రీట్ మీదుగా రాండ్విక్‌కి మళ్లీ ట్రామ్ మొదలైంది, పాత ట్రాములు తిరిగిన దారుల్లోనే. మొదట 160 కోట్ల డాలర్లన్నారు, చివరికి 310 కోట్లయింది. పీకిన పట్టా మళ్లీ వేయాలంటే అంత! కానీ ఒక మెచ్చుకోలు ఇవ్వాలి. జార్జ్ స్ట్రీట్‌లో చాలామేర కార్లను బయటికి పంపేశారు, ట్రామ్ దారి ట్రామ్‌దే. మెల్‌బోర్న్‌లో ముప్పాతిక వంతు పట్టాల మీద కార్లూ తిరుగుతాయి. సాయంత్రం ఆరింటికి ట్రామెక్కితే ముందున్న కారు వెనకే పాకాలి. ఉంచుకున్నారు సరే, దారి మాత్రం ఇవ్వలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మెల్‌బోర్న్ ఉంచుకున్నది పాత ఊరి ట్రామ్‌నే. ఊరు పడమటికి సాగి టార్నీట్, ట్రుగనీనా లాంటి పేటలు లేచాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా దిగిందీ ఇక్కడే. పట్టాలు మాత్రం ఇటు రాలేదు. టార్నీట్‌కి రైలు స్టేషనే 2015లో వచ్చింది. పాల క్యాన్‌కి కూడా కారు తీయాల్సిందే. అన్నీ పీకేసిన సిడ్నీలో చూస్తే, 2024 డిసెంబర్‌లో వెస్ట్‌మీడ్ నుంచి పారమట్టా మీదుగా కార్లింగ్‌ఫర్డ్ దాకా 12 కిలోమీటర్ల కొత్త ట్రామ్ లైన్ మొదలైంది. మనవాళ్లు కాపురముంటున్న చోటికే ట్రామ్ వచ్చింది.

అందుకని వాడికి ఇలా చెప్పాను: బ్రన్స్‌విక్ లాంటి పాత పేటలో అద్దె కట్టగలిగితే మెల్‌బోర్నే, కళ్లు మూసుకుని వచ్చెయ్. పక్కింట్లో తెలుగువాళ్లు ఉండాలి, కారు ఉండకూడదు అంటే వెస్ట్‌మీడ్ చూసుకో. మా వైపు మాత్రం రాకు.

"అన్నీ తెలిసి మరి నువ్వెందుకు అక్కడ ఇల్లు కొన్నావు బావా?" అన్నాడు.

రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉందని మీ అక్క ముచ్చటపడిందిరా, అన్నాను.