డబ్బా కట్టుకుపోయే టూరా, ఊరి పులుసు తినే టూరా?

బరువు తగ్గాలని మొదలుపెట్టిన ఈ ఏడాదిలో నేను మూడు రకాలుగా ఊళ్లు తిరిగాను. ఒకటి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది, ముందు అదే చెప్పేస్తా.

"టూర్ నుంచి వచ్చాక చూసుకుందాంలే" పద్ధతి. శుక్రవారం పస్తు, శనివారం పొద్దున నెల్లూరులో నెయ్యి కారం దోసెలు రెండు, మధ్యాహ్నం మైపాడు బీచ్‌లో చేపల వేపుడు, దారంతా కారులో చిప్స్, రాత్రికి బిర్యానీ, ఆ పైన మలై కాజా. సోమవారం కాటా ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ చూపించింది. అదంతా కొవ్వే అనుకుని టెన్షన్ పడి మూడు రోజులు మజ్జిగ మీద బతికాను, నాలుగో రోజు సాయంత్రం బజ్జీల బండి దగ్గర తేలాను. తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది: కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, అంటే రెండు కిలోలు పెరగాలంటే రోజూ తినేది కాకుండా ఇంకో 15 వేల కేలరీలు లోపలికి పోవాలి, రెండు రోజుల్లో అది నా వల్ల కూడా కాదు. కాటా మీద కనిపించిందాంట్లో ఎక్కువ భాగం ఉప్పూ అన్నమూ ఒంట్లో పట్టి ఉంచిన నీళ్లు. మామూలు తిండికి వచ్చేస్తే కొద్ది రోజుల్లో అదే దిగిపోతుంది. పస్తులతో పనే లేదు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లయితే ఆ జోలికే పోకండి.

ఇక అసలు పోటీ మిగతా రెండింటికే.

డబ్బా పద్ధతిలో భైరవకోనకి పోయాను. ఓట్స్ ఉప్మా, ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు. కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలూ చూసి కిందికి వచ్చి మూత తీస్తే, ఆ మే నెల ఎండకి ఉప్మా వాసన పట్టింది, పారేశాం. మావాళ్లు వేడివేడిగా తింటుంటే నేను కీరా కొరుకుతూ కూర్చున్నా. అలాగని డబ్బా పనికిరానిదని అనను. బస్సు ప్రయాణానికి దాన్ని మించింది లేదు, ఎందుకంటే మనల్ని ముంచేది భోజనం కాదు, బస్సు ఆగిన చోటల్లా ఏదో ఒకటి నోట్లో వేసుకోవడం. శనగలు, జామకాయలు, అరటిపండ్లు అయితే పాడైపోతాయన్న భయం కూడా లేదు. కానీ చుట్టాలింట్లో డబ్బా తీసి చూడండి, మా పెద్దమ్మ అన్నట్టు, "ఏంది అబ్బయా, చేపల పులుసు ముందర పెట్టుకుని గడ్డి తింటావా?"

ఆమె మాటలో న్యాయం ఉంది. మామిడికాయ ముక్కలేసి ముందు రోజు కాచిన పులుసులో చేప చేసే హాని ఏముంది? వంద గ్రాముల చేపకి సుమారు వంద కేలరీలు, దాంట్లో ఇరవై గ్రాముల దాకా ప్రొటీనే. పైన తేలే నూనె కాస్త పక్కకి నెడితే చాలు. దెబ్బంతా అన్నంతోనే, వండిన అన్నం వంద గ్రాములకి 130 కేలరీలు, పులుసు బాగుంటే మనం వంద గ్రాములతో ఆగుతామా? అందుకే పులుసు పద్ధతికి నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: రోజుకి ఒక పూట ఊరి తిండి, మిగతా రెండు పూటలూ ఇంట్లో తిన్నట్టే. కారం దోసె తిన్న రోజు మలై కాజా లేదు. దోసె కూడా ఒక్కటే, నెయ్యి ఒక పెద్ద చెంచా పడితేనే 120 కేలరీలకి పైమాట.

నడిచి కరిగించేద్దాం అనుకుంటారేమో, నేనూ అనుకున్నా. గంటసేపు గట్టిగా నడిస్తే నా బరువుకి 300 కేలరీలు ఖర్చయితే గొప్ప. అయినా ఇప్పుడు బీచ్ కన్నా కొండకే ఓటేస్తా, ఎక్కుతున్నంతసేపూ తినడానికి చేతులు ఖాళీ ఉండవు కాబట్టి. ఉదయగిరి దుర్గం ఎక్కుతూ సగంలో కూలబడ్డప్పుడు అనిపించింది, 1514లో ఈ కోట చేజిక్కించుకోవడానికి శ్రీకృష్ణదేవరాయల సైన్యానికే ఏడాదికి పైగా పట్టిందట, నా పొట్ట తగ్గడానికి ఆరు నెలలు చాలడం లేదని ఏడవడం ఏం న్యాయం అని.

కాబట్టి నా మటుకు దారిలో డబ్బా, చేరాక పులుసు. రెండిట్లో ఒక్కటే ఎంచుకోమంటే పులుసే, డబ్బాతో రెండు టూర్లు తిరిగేసరికి మూడో టూరుకి పోబుద్ధే కాలేదు నాకు. వచ్చే నెల పెంచలకోన అనుకుంటున్నాం. వచ్చేటప్పుడు దిగుతామని పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పా, పులుసు ముందు రోజే కాచిపెట్టమని, అన్నం మాత్రం నేనే వడ్డించుకుంటానని. రెండోదానికి ఇంకా ఒప్పుకోలేదు.