పురుడు పుట్టింట్లోనా, అత్తింట్లోనా, మన ఇంట్లోనా: ఏది మేలు?

మా పిన్ని కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. మొన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, అమ్మేమో పురుడు పుట్టింట్లోనే అంటోంది, అత్తయ్య తమ ఇంట్లోనే ఉండిపో అంటున్నారు, ఈయనేమో విజయనగరంలో మన ఇంట్లోనే ఉందాం, ఆయమ్మను పెట్టుకుందాం అంటున్నారు, నువ్వు అన్నీ చూశావు కదా, ఏది మేలో చెప్పు" అంది. గంట మాట్లాడినా తేలలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నా మొదటి కాన్పు మామూలు కాన్పు, నరసన్నపేట దగ్గర మా పల్లెలో పుట్టింట్లో మూడు నెలలున్నాను. రెండోది ఆపరేషన్, విజయనగరంలో మా అద్దె ఇంట్లో, మొదటి పది రోజులు అత్తయ్య వచ్చి ఉన్నారు, ఆ తర్వాత పగటి పూట ఒక ఆయమ్మ. కాబట్టి మూడింటి రుచీ కొంచెం కొంచెం తెలుసు.

నేను మూడింటినీ ఒకే ప్రశ్నతో తూస్తాను. రాత్రి పదింటి నుంచి తెల్లారి ఐదింటి దాకా పిల్లను ఎవరు ఎత్తుకుంటారు? పగలు అందరూ ఉంటారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు, "ముక్కు అచ్చం నాన్నదే" అనేవాళ్లు, బట్టలు తెచ్చేవాళ్లు, సలహాలు తెచ్చేవాళ్లు, అందరూ పగలే. రాత్రి రెండింటికి పిల్ల ఏడిస్తే లేచేది మాత్రం కుట్లు నొప్పెడుతున్న తల్లి ఒక్కతే. మొదటి నెలల్లో పిల్లలు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతారు, అందులో మూడు నాలుగు సార్లు రాత్రే. పాలు తల్లే ఇవ్వాలి, అది ఎవరూ పంచుకోలేరు, కానీ తేనుపు తెప్పించడం, గుడ్డ మార్చడం, భుజాన వేసుకుని తిప్పడం ఎవరైనా చెయ్యొచ్చు. ఆ పని ఎవరైనా అందుకుంటే తల్లికి ఒకేసారి నాలుగు గంటల నిద్ర దొరుకుతుంది. నాకు ఆ నాలుగు గంటలు బాలింతకు పెట్టే ఏ కాయం ఉండా చెయ్యని మేలు చేశాయి.

ముందు పుట్టిల్లు. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది అక్కడికే. తెల్లారకముందే మా అమ్మ పెద్ద గుండిగతో నీళ్లు కాచేది. నువ్వులనూనె రాసి, నలుగు పెట్టి, నడుం మీద వేడినీళ్లు పోస్తుంటే తొమ్మిది నెలల బరువు ఆ నీళ్లతోనే జారిపోతున్నట్టు ఉండేది. తర్వాత శొంఠిపొడి, నెయ్యి కలిపిన వేడన్నం, వెల్లుల్లి కారం, ఆ పైన కాయం ఉండ. వారానికి రెండుసార్లు తెలగపిండి మునగాకు కూర, పచ్చి బొప్పాయి కూర. మా నాన్న భావనపాడు వైపు వెళ్లినవాళ్ల చేత పాలసొర చేప తెప్పిస్తే అమ్మ పిట్టు చేసేది. పాలసొర తింటే పాలు పడతాయంటారు. పాలు పడేది అసలు పిల్ల చప్పరించేకొద్దీ, రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ అని నాకు తర్వాత నర్సమ్మ చెప్పింది, కానీ సొరపిట్టులో మంచి మాంసకృత్తులున్నాయి, తెలగపిండిలోనూ ఉన్నాయి, తిన్న తల్లికి ఒంట్లో సత్తువ వస్తుంది, అది చాలు నాకు.

గొడవంతా పత్యం దగ్గరే. మొదటి పదకొండు రోజులు నాకు పప్పు లేదు, పెరుగు లేదు, కూరగాయల్లో సగం లేవు, అన్నీ చలవట. నీళ్లు కూడా గ్లాసు లెక్కన. మా అమ్మమ్మ, "ఏటే గుంటా, అన్ని నీళ్లు తాగితే కడుపు సాగిపోద్దే" అనేది. పాలిచ్చే ఒంటికి నీళ్లు ఆపితే ముందు తలనొప్పి, తర్వాత మలబద్ధకం, కుట్లున్నవాళ్లకు అదెంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుసు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుగా తినేదానికన్నా రోజుకు మరో 600 క్యాలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కారం మెతుకులతో అది ఎక్కడ నిండుతుంది? చివరికి నేనూ అమ్మా ఒక ఒప్పందానికొచ్చాం: శొంఠీ, వెల్లుల్లీ, వేడినీళ్ల స్నానం, వదులుగా నడుంకట్టు ఉంటాయి, వాటితో పాటు పప్పు, గుడ్డు, పెరుగు కూడా ఉంటాయి. మంచం కింద నిప్పుల కుంపటి మాత్రం నేను పెట్టనివ్వలేదు, తలుపులు మూసిన గదిలో ఆ పొగ, ఆ బొగ్గుల గాలి పిల్లకీ తల్లికీ ప్రాణాల మీదికి తెస్తాయి. సాంబ్రాణి కూడా స్నానాలగది బయటే.

రాత్రి ప్రశ్నకు పుట్టిల్లు ఇచ్చే జవాబు: అమ్మ. అడగక్కర్లేదు, నేను లేచే లోపే లేచేది. కానీ ఇక్కడే ఒక లెక్క ఎవరూ వెయ్యరు. నా మొదటి కాన్పు కార్తీకంలో, అప్పుడే వరికోతలు. పగలు కూలీలకు అన్నాలు వండి, కళ్లం దగ్గరికి వెళ్లొచ్చి, రాత్రి నాతో మేలుకున్న మా అమ్మకు యాభై రెండేళ్లు, బీపీ మాత్రలు. రెండో నెల వచ్చేసరికి ఆవిడ మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోయింది. నేను కోలుకున్నాను, ఆవిడకు ఆ మోకాళ్లు ఇంకా కుదుటపడలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకొకటి అల్లుడి సంగతి. పుట్టింట్లో భర్త చుట్టం. శనివారం వస్తారు, కోడిని కోస్తారు, వసారాలో మంచం వేస్తారు, పిల్లను ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూసి ఆదివారం బస్సెక్కుతారు. మూడో నెలలో నేను ఇంటికెళ్లేసరికి మా ఆయనకు పిల్ల మెడ కింద చెయ్యెలా పెట్టాలో కూడా తెలీదు. తప్పు ఆయనది ఒక్కరిదే కాదు, నేర్చుకునే రోజులన్నీ ఆయన లేని ఇంట్లోనే గడిచిపోయాయి. ఒక మంచి కూడా ఒప్పుకోవాలి: మూడో నెల వరకో అయిదో నెల వరకో పుట్టింట్లో ఉంచేయడం వెనక పెద్దవాళ్ల తెలివి ఉంది, భర్త దగ్గరే ఉండిపోయినవాళ్లకు మళ్లీ నెల తప్పే భయం ఉంటుంది, ముట్టు రాకముందే కూడా గర్భం రావొచ్చు. అలా ఉండేవాళ్లు ఆ విషయం డాక్టరును ముందే అడిగేయండి.

అత్తింటి గురించి తక్కువే చెప్పగలను. మా అత్తయ్య పది రోజులే ఉన్నారు, ఆ పది రోజుల్లో బాబుకు కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసిన తీరు చూస్తే మా అమ్మ కూడా మెచ్చుకునేది. అత్తింట్లో ఉంటే కొన్ని పనులు సులువు: భర్త పక్కనే ఉంటాడు, చూపించుకున్న డాక్టరు మారదు, ఆశా కార్యకర్తకు మనం ముందే తెలుసు. కష్టం మరోచోట ఉంది. ఆపరేషన్ అయిన మూడో రోజు, పక్కకు తిరిగి, చేత్తో మంచం పట్టుకుని లేచి బాత్రూంకి వెళ్లాలంటే ఒకరు పట్టుకోవాలి. రక్తం అంటిన గుడ్డ ఒకరు తీయాలి. అమ్మనైతే కేకేస్తాను. అత్తయ్యను "కొంచెం రండి" అని పిలవడానికి పది నిమిషాలు ఆలోచించేదాన్ని, ఆ పది నిమిషాల్లో నేనే లేచిపోయి నొప్పి పెంచుకునేదాన్ని. ఆవిడ ఏమీ అనలేదు, ఏమనుకుంటారో అన్నది నా గోలే. కాబట్టి నా కొలత ఇది: నీ రక్తపు గుడ్డ తియ్యమని మీ అత్తగారిని మొహమాటం లేకుండా అడగగలవా? అడగగలిగితే అత్తిల్లు బంగారం. లేకపోతే వాళ్లెంత మంచివాళ్లైనా వద్దు.

ఇక మన ఇల్లూ, ఆయమ్మా. నెలకు 18,000 అడిగి 15,000కి ఒప్పుకుంది, పొద్దున ఏడింటికి వచ్చి సాయంత్రం ఐదింటికి వెళ్లిపోయేది. అదిగో, నా ప్రశ్న అక్కడే తగులుతుంది: ఐదింటికి వెళ్లిపోయే మనిషి రాత్రి రెండింటికి ఏం చేస్తుంది? రాత్రికి ఉండమంటే, "నా పిల్లల్నెవలు చూస్తారమ్మా" అంది, న్యాయమే కదా. ఇంకో సంగతి, ఆయమ్మలకు చెయ్యి తిరిగి ఉంటుంది గానీ పాత అలవాట్లూ ఉంటాయి. మా ఆయమ్మ మొదటి రోజే బాబు ముక్కులో చమురు చుక్క వెయ్యబోయింది, బొడ్డుకు ఏదో పొడి తెచ్చింది, రొమ్ములు పిండి పాలు తియ్యాలంది. మూడూ వద్దన్నాను. బొడ్డు మీద ఏమీ రాయకుండా పొడిగా వదిలెయ్యాలి, ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పసిబిడ్డ రొమ్ములు పిండితే చీము పట్టొచ్చు. తేనె, పంచదార నీళ్లు కూడా వద్దు, ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆవిడ రెండు రోజులు అలిగి, తర్వాత బట్టలూ గిన్నెలూ వంటా శ్రద్ధగా చేసింది, అంతవరకైతే ఇచ్చిన ప్రతి రూపాయికీ విలువ ఉంది. మనం ఆయమ్మను పిల్ల కోసం అనుకుంటాం, నిజానికి ఆవిడ ఉండాల్సింది తల్లి పనులు తగ్గించడానికి.

రాత్రి మాత్రం మా ఆయన. ఈసారి తప్పించుకునే వసారా లేదు మరి. పదింటికి నేను పాలిచ్చి పడుకుంటే రెండింటి దాకా బాబు ఆయన దగ్గర, ఆకలికేడిస్తే నా పక్కన పడుకోబెట్టి, నేను పక్కకు తిరిగే పాలిచ్చాక మళ్లీ తీసుకెళ్లేవారు. వారం తిరిగేసరికి గుడ్డ మార్చడంలో నాకంటే వేగం. ఆపరేషన్ అయి కూడా నేను రెండోసారి బేగి కోలుకోవడానికి కారణం అదే, ఆ కోలుకోవడం ఏ ఇంట్లో జరిగిందన్నది కాదు. ఆసుపత్రిలో చిన్నచిన్న అడుగులు రెండో రోజు నుంచే వేయించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడవాలన్నారు, ఆరు వారాలు పిల్లకంటే బరువైనది ఎత్తలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆసుపత్రి దూరం ఒక ఎత్తు. విజయనగరంలో ఉంటే కాన్పుల పెద్దాసుపత్రి, ఘోషాసుపత్రి, ఆటోలో కాసేపటి దారి. మా పల్లె నుంచి శ్రీకాకుళం వెళ్లాలంటే అర్ధరాత్రి బండి దొరికి, దారి తేలి, గంట పైమాటే. కాన్పుకు ముందు బీపీ ఉన్నవాళ్లు, రక్తం తక్కువున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు మొదటి రెండు మూడు వారాలు పట్నం దగ్గరే ఉండండి. గంటలో ప్యాడ్ మొత్తం తడిసిపోతున్నా, జ్వరం 100.4 దాటినా, మైల (కాన్పు తర్వాత పోయే రక్తం) దుర్వాసన వస్తున్నా, తలనొప్పితో పాటు కళ్లు మసకబారినా, ఒక పిక్క వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా, పాత వైద్యాలు చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి. బీపీ కాన్పు తర్వాత కూడా పెరగొచ్చు, ఆరు వారాల దాకా జాగ్రత్త.

పుట్టింటికి వెళ్లేవాళ్లు ఒకటి మర్చిపోతారు: మీ పేరు మామూలుగా అత్తింటి ఊళ్లో నమోదై ఉంటుంది. ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. మీరు వేరే ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశాకు ముందే చెప్పకపోతే ఎవరూ రారు, నాకు మొదటిసారి అదే జరిగింది, బారసాల నాడు గానీ తెలీలేదు. తల్లీబిడ్డల కార్డు సంచిలో పెట్టుకోండి, నెలన్నర టీకా ఎక్కడ వేయించినా రాస్తారు. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి, టీతో కాదు.

మనసు సంగతి పక్కన పెట్టలేను. మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపొస్తుంది, అది చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా పిల్లను చూస్తే ఏమీ అనిపించకపోయినా, నిద్రపట్టే అవకాశం ఉన్నా పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా, మా వైపు "గాలి సోకింది" అని తాయెత్తు కడతారు. కడితే కట్టనివ్వండి, డాక్టరుకు కూడా చెప్పండి. ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. పుట్టింట్లో అమ్మ కళ్లు దీన్ని ముందే పసిగడతాయి, ఒంటరి ఫ్లాట్‌లో ఎవరూ పసిగట్టరు, ఈ ఒక్క విషయంలో పుట్టింటికే నా ఓటు.

చెల్లికి నేను చెప్పింది ఇది. మామూలు కాన్పయి, బీపీ లేకపోతే నెలా పదిహేను రోజులు పుట్టిల్లు, పిన్నికి పొలం పని లేని రోజులు కాబట్టి. ఆపరేషన్ అయితే విజయనగరంలోనే ఉండు, పిన్నిని అక్కడికి రప్పించు, పగలు గిన్నెలకీ బట్టలకీ ఆయమ్మను పెట్టుకో, పిన్ని చేత ఇంటి చాకిరీ చేయించకు. అత్తగారిని బారసాలకు పిలిచి వారం ఉండమను, ఆవిడ కూడా మనవణ్ణి ఎత్తుకోవాలి కదా. ఏ ఇల్లయినా సరే, మీ ఆయన వారానికి నాలుగు రాత్రులు ఉండాలి, వసారాలో కాదు, గదిలో.

నిన్న మళ్లీ ఫోన్ చేసింది. మరిది పదిహేను రోజులు సెలవుకి రాసిచ్చాడట, పదింటి నుంచి రెండింటి దాకా డ్యూటీ తనదే అన్నాడట. పిన్ని మాత్రం, "అల్లుడు గారిచేత పిల్ల గుడ్డలు మార్పిస్తామా, ఊరు నవ్వదా" అని బెంగపడుతోందట.