సొంత పాలసీయా, దవాఖాన పాలసీయా, సంఘం పథకమా: డాక్టర్‌కు ఏది మేలు?

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లు ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే ఆదుకునే బీమా) గురించి అడిగినప్పుడల్లా మొదట కంపెనీ పేరే అడుగుతారు. అది తర్వాతి సంగతి. ముందు పాలసీ ఎవరి పేరున ఉండాలో తేల్చుకోవాలి. మన పేరునా, పనిచేసే దవాఖాన పేరునా? లేక డాక్టర్ల సంఘం నడిపే రక్షణ పథకంలో చేరితే సరిపోతుందా? నా మటుకు సొంత పేరున ఒకటి ఉండి తీరాలి. మిగతా రెండూ దానికి తోడు మాత్రమే.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి నుంచి రోగి బంధువులు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే దవాఖానతో పాటు డాక్టర్‌నూ పేరుపెట్టి ప్రతివాదిగా చేర్చడం మామూలైపోయింది.

నాలాంటి మత్తు డాక్టర్ల సంగతే చూడండి. పొద్దున నల్లగొండలో సిజేరియన్, మధ్యాహ్నం దేవరకొండలో హెర్నియా, రాత్రి ఇంకెక్కడో అపెండిక్స్. ఎక్కడా జీతం లేదు, కేసుకు ఇంత అని ఇస్తారు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడం, మా దవాఖానకు పాలసీ ఉన్నది" అంటాడు మేనేజర్. ఆయన మంచి మనసుతోనే అంటాడు. కానీ ఆ పాలసీ షెడ్యూల్లో (ఎవరికి, ఎంతకు కవర్ ఉందో రాసే వివరాల పట్టికలో) విజిటింగ్ డాక్టర్ల ఊసు లేకపోతే కేసు వచ్చిన రోజు మనకు దిక్కుండదు. షెడ్యూల్ జిరాక్స్ అడిగి చదవండి. అడగడానికి మొహమాటపడొద్దు.

అయితే నర్సింగ్ హోం మీదే అయితే లెక్క మారుతుంది. నర్సు ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఇంకొకరికి ఇచ్చిందనుకోండి, దానికి జవాబు చెప్పాల్సింది దవాఖాన. డాక్టర్‌గా మీరు తీసుకున్న పాలసీ దవాఖాన మీద పడే ఆ భారాన్ని మోస్తుందనుకోకండి. భార్యాభర్తలు ఇద్దరూ డాక్టర్లై దవాఖాన నడుపుతుంటే చెరొక సొంత పాలసీ, దవాఖానకు ఒకటి, మొత్తం మూడు ఉండాలి.

సంఘం పథకం చవక. దాని అసలు బలం మనుషులు. నోటీసు రాగానే తోటి డాక్టర్లు కేసు షీటు చదివి, వైద్యం తెలిసిన వకీలుతో జవాబు రాయిస్తారు. ఈ సాయం బీమా కంపెనీ దగ్గర అంతగా దొరకదు. కానీ అది బీమా కాదు. చెల్లింపు ఆ పథకం నియమాల మీద, నిధిలో ఉన్న డబ్బు మీద ఆధారపడుతుంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ పర్యవేక్షణ దానికి ఉండదు.

ఇక సొంత పాలసీ తీసుకునేటప్పుడు అందరూ దాటేసే గడి ఒకటుంది: రెట్రోయాక్టివ్ డేట్, అంటే ఏ తేదీ నుంచి చేసిన వైద్యానికి పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ. ఈ పాలసీలు మామూలుగా క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో నడుస్తాయి. అంటే పొరపాటు జరిగిన రోజుతో పాటు క్లెయిమ్ వచ్చిన రోజూ లెక్కే. మీరు 2022లో ఒక కాన్పు చేశారు, 2023లో మొదటి పాలసీ తీసుకున్నారు, 2024లో ఆ కాన్పు మీద నోటీసు వచ్చింది. షెడ్యూల్లో రెట్రోయాక్టివ్ డేట్ 2023 అని ఉంటే పైసా రాదు. గడువు తప్పకుండా రెన్యువల్ చేస్తూ పోతే ఆ పాత తేదీ నిలుస్తుంది. మధ్యలో గ్యాప్ వచ్చినా, ఇంకో కంపెనీకి మారుతూ పాత తేదీని రాయించుకోకపోయినా అది పోతుంది. దవాఖాన పాలసీ మీద నాకు నమ్మకం తక్కువ కావడానికి ఇదే కారణం. మీరు అక్కడ మానేశాక వాళ్లు రెన్యువల్ చేశారో లేదో మీకెవరు చెప్తారు?

రెండోది, ఏఓఏ (ఒక్క కేసుకు ఇచ్చే గరిష్ఠ మొత్తం), ఏఓవై (ఏడాది మొత్తానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం) నిష్పత్తి. 50 లక్షల పాలసీ 1:4లో ఉంటే ఒక్క కేసుకు దక్కేది 12.5 లక్షలే. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ ఇదే చూపిస్తాడు. సర్జరీ, కాన్పులు, మత్తు చేసేవాళ్లు 1:1 అడగండి. వకీలు ఖర్చులు ఈ పరిమితిలోంచే పోతాయా అన్నదీ కనుక్కోండి.

ప్రపోజల్ ఫారంలో "ఇంతకుముందు ఏదైనా ఫిర్యాదు, నోటీసు వచ్చిందా" అని ఉంటుంది. ఏజెంట్ అలవాటుగా "లేదు" అని టిక్ పెట్టేస్తాడు. ఆ గడి మీ చేత్తో మీరే నింపండి. దాచింది బయటపడితే క్లెయిమ్ తిప్పి పంపడానికి కంపెనీకి అదొక్కటే చాలు. మద్యం మత్తులో చేసిన వైద్యం, క్రిమినల్ నేరం, జరిమానాలు మామూలుగా ఏ పాలసీలోనూ రావు. కొన్నింటిలో కాస్మెటిక్ సర్జరీ, బరువు తగ్గించే చికిత్సలు కూడా ఉండవు.

నోటీసు వస్తే ఆ రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. కమిషన్‌లో జవాబు దాఖలుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆపైన గడువు పెంచే వీలు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది. కంపెనీని అడగకుండా రోగి బంధువులతో డబ్బు మాట్లాడుకోవద్దు.

ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి సొంత పాలసీ, దవాఖాన పాలసీ, సంఘం పథకం మూడూ ఒకేసారి కట్టడం చిన్న ఊళ్ల డాక్టర్లకు భారమే. అలాంటప్పుడు సంఘం పథకం ఒక ఏడాది వాయిదా వేయండి, సొంత పాలసీ రెన్యువల్ మాత్రం వదలొద్దు. ప్రాక్టీసు మానేసేవాళ్లూ ఆ వెంటనే ఆపేయకూడదు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించగలదు కూడా. ఆ కాలానికి కవర్ ఎలా కొనసాగించాలో ఆఖరి రెన్యువల్ ముందే కంపెనీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.