విక్స్‌బర్గ్: నది వదిలి వెళ్ళిన ఊళ్ళో రెండు రోజులు

డాలస్ నుంచి అట్లాంటా వైపు ఐ-20 మీద కారులో వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలావరకు మిసిసిపి రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో గ్యాస్ కొట్టించుకుని, వంతెన మీద నుంచి మిసిసిపి నదిని ఫొటో తీసుకుని దాటిపోతారు. డాలస్ నుంచి సుమారు 365 మైళ్ళు, రాష్ట్ర రాజధాని జాక్సన్ నుంచి 45 మైళ్ళు. దాదాపు సగం దారిలో ఉంది కాబట్టి రాత్రి బసకి ఎలాగూ సరిపోతుంది. ఆ బసకి ఒక పగలు, వీలైతే రెండు పగళ్ళు కలపండి. 2020 జనాభా లెక్కల్లో 21,573 మంది ఉన్న ఊరు ఇది. ఇంత చిన్న ఊళ్ళో ఇంత చరిత్ర అమెరికాలో అరుదు.

ఆగినవాళ్ళు కూడా ఎక్కువమంది యుద్ధ పార్కులో కారు తిప్పి, ఫిరంగుల పక్కన నిలబడి వెళ్ళిపోతారు. ముందు నదిని చూసి, తర్వాత పార్కుకి వెళ్తేనే ఈ ఊరు అర్థమవుతుంది. ఇక్కడ యుద్ధం జరిగిందీ, ఊరు చితికిందీ, మళ్ళీ నిలదొక్కుకుందీ అంతా నది వంపు వల్లే.

1819లో చనిపోయిన న్యూయిట్ విక్ అనే మెథడిస్టు బోధకుడి భూమి మీద వెలిసిన ఊరు ఇది. 1825లో పట్టణమైంది. అప్పట్లో మిసిసిపి నది సరిగ్గా ఊరి ముందు హెయిర్‌పిన్ మలుపు తిరిగేది. ఒక పక్క ఎత్తైన గుట్టలు, ఎదురుగా డి సోటో పాయింట్ అనే సన్నటి నాలుక లాంటి నేల. మలుపులో ఏ ఓడ అయినా వేగం తగ్గించాలి. గుట్ట మీద ఫిరంగి పెట్టినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం పెట్టింది అదే. నది మొత్తం ఉత్తరాది చేతికి రాకుండా అడ్డుపడ్డ ఊళ్ళలో ముఖ్యమైనది విక్స్‌బర్గ్.

ఆ ఫిరంగుల కిందకి వెళ్ళకుండా, ఆ నేల నాలుకని అడ్డంగా తవ్వి నదినే పక్కకి మళ్ళిద్దామని 1862 వేసవిలో ఉత్తరాది జనరల్ విలియమ్స్ సైనికులూ, బానిసత్వంలో ఉన్న నల్లవాళ్ళూ కాలువ తవ్వారు. 1863 మొదట్లో ఉత్తరాది జనరల్ గ్రాంట్ సైన్యం మళ్ళీ తవ్వింది. రెండుసార్లూ నది లొంగలేదు. ఆ తర్వాత 13 ఏళ్ళకి, 1876 ఏప్రిల్ 26న, నది తనంతట తానే ఆ నాలుకని కోసుకుని కొత్త దారిలో పోయింది. ఊరి ముందు పాత పాయ మడుగులా మిగిలిపోయింది, రేవు పూడిపోయింది. చివరికి ఇంజినీర్లు యాజూ నదిని కాలువ ద్వారా మళ్ళించి ఆ పాత పాయలోకి తెచ్చారు. 1903లో రేవుకి మళ్ళీ నీళ్ళు వచ్చాయి. అందుకే డౌన్‌టౌన్ గోడ దగ్గర నిలబడి మీరు చూసేది మిసిసిపి కాదు, యాజూ మళ్ళింపు కాలువ. చాలామంది పర్యాటకులు ఈ విషయం తెలియకుండానే వెనక్కి వెళ్తారు.

అసలు నది కావాలంటే ఐ-20 ఎగ్జిట్ 1ఏ దగ్గరున్న మిసిసిపి వెల్కమ్ సెంటర్‌కి వెళ్ళండి. పార్కింగ్ ఉంది, ప్రవేశ రుసుము లేదు, బాత్‌రూములు ఉన్నాయి, మ్యాపులు ఉచితంగా ఇస్తారు. రెండు వంతెనలూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1930 నాటి పాతది ఇప్పుడు రైళ్ళకే, 1973 నాటిది ఐ-20 కోసం. పిల్లలకి వంతెనల కన్నా బార్జీలు నచ్చుతాయి. ఒక్కో బార్జీలో సుమారు 1,500 టన్నుల సరుకు పడుతుంది. అలాంటివి పదుల సంఖ్యలో కట్టుకుని ఒకే టౌబోటు తోసుకుంటూ, మలుపు తిరిగి వంతెన స్తంభాల మధ్య నుంచి దూరుతుంది. ఒక్కటి దాటేదాకా ఆగి చూడండి. ఈ మలుపు ఈనాటికీ నావికులకి ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది.

అక్కడి నుంచి వాషింగ్టన్ స్ట్రీట్ మీదుగా లోయర్ మిసిసిపి రివర్ మ్యూజియంకి. ఊరు మొత్తంలో నా మొదటి ఓటు దీనికే. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నడిపే ఈ మ్యూజియానికి టికెట్ లేదు. 1993 దాకా నది మీద పనిచేసిన ఎం.వి. మిసిసిపి అనే పెద్ద టౌబోటుని ఒడ్డున పెట్టారు. ఇంజిన్ గది నుంచి పైలట్ గది దాకా ఎక్కి చూడవచ్చు. లోపల నిచ్చెనల్లాంటి మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింది అంతస్తు చూసి ఆగడం మంచిది. బయట నేల మీద నది నమూనా ఉంది, దానిలో నీళ్ళు పారిస్తారు. గంటన్నర కేటాయించండి.

వరదల కథ కూడా ఇక్కడే పట్టుబడుతుంది. 1927 ఏప్రిల్ 21న ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర గట్టు తెగి, డెల్టా అని పిలిచే యాజూ, మిసిసిపి నదుల మధ్య పల్లపు ప్రాంతం మునిగింది. ఆ దెబ్బకే 1929లో నదుల ప్రవాహం మీద పరిశోధనకి ఈ ఊళ్ళో వాటర్‌వేస్ ఎక్స్‌పెరిమెంట్ స్టేషన్ పెట్టారు. అది ఇప్పటికీ ఊళ్ళో పెద్ద ఉద్యోగ కేంద్రం. ఇక్కడి కొలబద్ద మీద 43 అడుగులు దాటితే వరద. 1927లో 56.2 అడుగులు, 2011 మే 19న 57.1 అడుగులు. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక కూడా 43 అడుగులకే ఇస్తారు. అయితే ఒక్కో కొలబద్దకి సున్నా ఎక్కడ అనేది వేరు కాబట్టి ఆ అంకెలతో రెండు నదులనీ పోల్చలేం. వరద గోడకి ఊరి వైపున రాబర్ట్ డాఫర్డ్ బృందం వేసిన 30కి పైగా కుడ్యచిత్రాలున్నాయి. ప్రతిదాని కిందా వివరం రాసి ఉంటుంది. సాయంత్రం వేళ నడుస్తూ చదివితే ఊరి చరిత్ర ముప్పావు గంటలో అయిపోతుంది.

కోకా-కోలాని మొట్టమొదట సీసాలో నింపి అమ్మింది ఇక్కడి వాషింగ్టన్ స్ట్రీట్‌లోనే, 1894లో, జోసెఫ్ బీడెన్‌హార్న్. ఆ దుకాణం ఇప్పుడు చిన్న మ్యూజియం. టికెట్ కొద్దిపాటిదే, 20 నిమిషాల పని. పిల్లలుంటే వెళ్ళండి, లేకపోతే బయటి నుంచి చూసినా నష్టం లేదు.

ఓల్డ్ కోర్ట్ హౌస్‌ని మాత్రం వదలొద్దు. 1858లో మొదలుపెట్టి 1860లో పూర్తిచేసిన ఈ భవనానికి ఇటుకలు చేసిందీ, పేర్చిందీ చాలావరకు బానిసత్వంలో ఉన్న కార్మికులు. 1948లో మ్యూజియంగా మారింది. 1863లో ఉత్తరాది సైన్యం ఊరిని ముట్టడించినప్పుడు కాగితం అయిపోతే గోడలకి అంటించే వాల్‌పేపర్ వెనక వైపు అచ్చేసిన ‘డైలీ సిటిజన్’ పత్రిక ఇక్కడ చూడాల్సిన వస్తువు. వస్తువుల ఎంపికలో తెల్ల దక్షిణాది వారి చూపే ఎక్కువ. 1874 డిసెంబరులో ఇదే ఊళ్ళో, నల్లజాతి షెరిఫ్ పీటర్ క్రాస్బీని బలవంతంగా పదవి నుంచి దింపి, ఆయనకి అండగా వచ్చిన నల్లవాళ్ళని ఊచకోత కోశారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఈ గదులు తిరగండి.

రెండో రోజు పొద్దున్నే నేషనల్ మిలిటరీ పార్కు. 1899లో ఏర్పడింది. ఎగ్జిట్ 4బి దిగితే క్లే స్ట్రీట్ మీదే గేటు. కారుకి 20 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. జాతీయ పార్కుల వార్షిక పాస్ ఉంటే ఇక్కడా పనికొస్తుంది. పార్కు లోపల సుమారు 16 మైళ్ళ రోడ్డు, చాలావరకు వన్‌వే. ఒక చోటు దాటిపోతే వెనక్కి తిరిగే వీలు తక్కువ, మళ్ళీ చుట్టు వేయాలి. కాబట్టి విజిటర్ సెంటర్‌లో మ్యాపు తీసుకుని, ఆగాల్సిన చోట్లకి గుర్తులు పెట్టుకున్నాకే కారు కదిలించండి. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో ఈ పార్కుని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ నమ్మలేం.

రోడ్డు మొదటి సగం ఉత్తరాది సైన్యం మోహరించిన గీత వెంట, తిరుగు సగం దక్షిణాది కందకాల వెంట సాగుతుంది. నీలం పలకలు ఉత్తరాదివి, ఎర్ర పలకలు దక్షిణాదివి. ఈ ఒక్క సంగతి తెలిస్తే 1,400కి పైగా ఉన్న స్మారకాలూ ఫలకాల మధ్య దారి తప్పరు. 1863 ఏప్రిల్ 16 రాత్రి ఉత్తరాది నౌకాదళ అధికారి పోర్టర్ ఓడలు ఫిరంగుల కిందుగా దూసుకుపోయాయి. 30న గ్రాంట్ సైన్యం దక్షిణాన బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర నది దాటింది. మే 1 నుంచి 17 లోపు అయిదు యుద్ధాలు గెలిచి తూర్పు వైపు నుంచి ఊరిని చుట్టేసింది. మే 19న, 22న నేరుగా ఎక్కబోయి ఘోరంగా విఫలమై, ముట్టడికి దిగింది.

ఎందుకు విఫలమైందో కళ్ళతో చూడాలంటే ఏదో ఒక నీలం పలక దగ్గర కారు ఆపి, దిగి, ఎదురుగా ఉన్న లోయలోకి చూడండి. ఈ గుట్టలు గాలి తెచ్చి పోసిన సన్న ఒండ్రు మట్టి, లోయెస్ అంటారు. పొడిగా ఉంటే గోడలా నిటారుగా నిలుస్తుంది, తడిస్తే జారిపోతుంది. నిటారు లోయలు దిగి మళ్ళీ ఎక్కాలి, పై నుంచి తుపాకులు. జనం ఇదే మట్టిలో గుహలు తవ్వుకుని ముట్టడి రోజులు గడిపారు. ఇదే మట్టి ఇప్పటికీ పెద్ద వానలకి జారి పార్కులో రోడ్లు, శ్మశానంలో భాగాలు మూతపడేలా చేస్తుంది. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైటులో ఏ భాగం తెరిచి ఉందో చూసుకోవడం తప్పనిసరి.

ఇల్లినాయ్ స్మారకానికి 47 మెట్లు, ముట్టడి రోజుకి ఒకటి. లోపల కంచు పలకల మీద ఆ రాష్ట్రం నుంచి వచ్చిన 36,325 మంది పేర్లున్నాయి. దాని పక్కన షర్లీ హౌస్, పార్కులో యుద్ధకాలం నుంచి మిగిలిన ఒకే ఒక్క ఇల్లు. కొంచెం ముందుకెళ్తే థర్డ్ లూసియానా రెడాన్. దక్షిణాది వారి ఈ మట్టికోట కిందికి ఉత్తరాది సైన్యం సొరంగం తవ్వి జూన్ 25న మందుగుండుతో పేల్చింది ఇక్కడే. 2004లో నిలబెట్టిన నల్లజాతి సైనికుల స్మారకం గ్రాంట్ అవెన్యూ మీద ఉంది. తొందరలో దాటిపోతారు, మ్యాపులో ముందే గుర్తు పెట్టుకోండి. 

సుమారు సగం దారిలో యు.ఎస్.ఎస్. కేరో అనే ఉత్తరాది ఇనుప కవచపు యుద్ధనౌక. స్పెల్లింగు ఈజిప్టు నగరానిదే అయినా ఇక్కడ కేరో అనే పలుకుతారు. 1862 డిసెంబర్ 12న యాజూ నదిలో మందుపాతర పేలి 12 నిమిషాల్లో మునిగింది, ఒక్కరూ చనిపోలేదు. 1964లో పైకి తీస్తుంటే ఇనుప తాళ్ళు ఓడని కోసేయడంతో మూడు ముక్కలుగా లేపారు. ఇప్పుడు పెద్ద పందిరి కింద నిలబెట్టారు, లోపలికి నడిచి వెళ్ళవచ్చు. పక్క మ్యూజియంలో నావికుల చెంచాలు, బూట్లు, సీసాలు బురదలో చెడిపోకుండా దొరికినవి ఉన్నాయి. ఇక్కడ గంట ఇవ్వండి. బాత్‌రూము, నీళ్ళు విజిటర్ సెంటర్ తర్వాత మళ్ళీ ఇక్కడే. పక్కనే జాతీయ శ్మశానంలో 17,000 మంది ఉత్తరాది సైనికులు, వాళ్ళలో దాదాపు 13,000 మందికి పేరు తెలియదు. ఆ తర్వాత వచ్చే ఫోర్ట్ హిల్ మీద నిలబడితే కింద యాజూ కాలువ, అవతల పాత డి సోటో నేల. మొదటి రోజు నది దగ్గర చదివిందంతా ఇక్కడి నుంచి ఒక్క చూపులో కనిపిస్తుంది.

పార్కుకి మూడు నుంచి నాలుగు గంటలు పెట్టుకోండి. లైసెన్సు ఉన్న గైడు మీ కారులోనే కూర్చుని రెండు గంటలు తిప్పే ఏర్పాటు ఉంది, కారు లెక్కన రుసుము. ముందుగా బుక్ చేసుకోవాలి. అయిదారుగురు ఉన్న కుటుంబానికి ఇది ఆడియో టూర్ కన్నా ఎంతో మేలు, ప్రశ్నలు అడగవచ్చు. గడ్డిలో ఫైర్ యాంట్స్ అనే చీమలుంటాయి, పిల్లలకి చెప్పులు కాకుండా బూట్లు వేయండి.

బస విషయానికొస్తే మూడు దారులు. ఎగ్జిట్ 4 దగ్గర చెయిన్ హోటళ్ళు: పార్కు గేటు పక్కనే, పొద్దున టిఫిన్ ఉంటుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇవే మేలు. నది ఒడ్డున కేసినో హోటళ్ళు: వారాంతం కాని రోజుల్లో చవక, కానీ కేసినో హాలులో సిగరెట్ పొగ ఉంటుంది, గది ఏ భవనంలోనో అడిగి తీసుకోండి. మూడోది యాంచూకా, డఫ్ గ్రీన్ లాంటి యుద్ధానికి ముందు నాటి భవంతులు. దంపతులు మాత్రమే వెళ్తే డబ్బుకి తగ్గ అనుభవం. మెట్లు ఎక్కువ, చిన్నపిల్లల్ని అనుమతిస్తారో లేదో ముందే ఫోను చేసి కనుక్కోవాలి.

తిండి దగ్గర శాకాహారులకి జాగ్రత్త కావాలి. దక్షిణాది వంటలో ఆకుకూరల్ని, చిక్కుళ్ళని పంది మాంసం ముక్క వేసి ఉడికించడం మామూలు. మెనూలో ‘కూరగాయలు’ అని ఉన్నా మాంసం, కొవ్వు వేశారా అని విడిగా అడగండి. వేయించిన పచ్చి టమాటా, బెండకాయ మంచి ఎంపికలు, అదే నూనెలో చేపలు వేయిస్తారా అనేది పట్టింపు ఉంటే కనుక్కోండి. 1939 నుంచి ఉన్న సాలీస్ హాట్ టమాలీస్ ఊరికి గుర్తు లాంటిది, అందులో గొడ్డు మాంసం ఉంటుంది. మాంసం తినేవాళ్ళకి క్యాట్‌ఫిష్ నిస్సందేహంగా తీసుకోవచ్చు, చాలావరకు చుట్టుపక్కల డెల్టా చెరువుల్లో పెంచినదే. ఆదివారం, సోమవారం డౌన్‌టౌన్‌లో మూసి ఉండే దుకాణాలు చాలా. మన భోజనం కావాలంటే జాక్సన్ వెళ్ళాలి, హిందూ దేవాలయం దానికి తూర్పున బ్రాండన్‌లో ఉంది.

అక్టోబర్, నవంబర్ అన్నిటికన్నా మంచివి. మార్చి, ఏప్రిల్‌లో నది నిండుగా ఉంటుంది కానీ గాలివానల హెచ్చరికలు వస్తుంటాయి. జులై, ఆగస్టుల్లో పది దాటితే పార్కులో నడవలేరు. ఆమ్‌ట్రాక్ రైలు జాక్సన్‌లోనే ఆగుతుంది, ఊళ్ళో ఉబర్ మీద ఆధారపడలేం, కాబట్టి జాక్సన్ విమానాశ్రయంలో కారు అద్దెకి తీసుకోవాలి. పెద్ద క్రూయిజ్ ఓడ రేవుకి వచ్చిన రోజు కోర్ట్ హౌస్, కోకా-కోలా మ్యూజియం కిక్కిరిసిపోతాయి. ఆ రోజు వాటిని మధ్యాహ్నం మూడు తర్వాతకి జరపండి.

డాలస్ వైపు తిరిగి వెళ్ళేవాళ్ళు వంతెన దాటగానే లూసియానాలోని డెల్టా అనే పల్లెలో ఆగవచ్చు. పార్కుకే చెందిన గ్రాంట్స్ కెనాల్ ముక్క అక్కడ మిగిలి ఉంది. పావుగంట చాలు. సూచిక బోర్డు చిన్నది, ఫోనులో ‘గ్రాంట్స్ కెనాల్’ అని ముందే పెట్టుకోండి.