వాల్వ్ ఉన్న స్పేసర్: ఇంట్లో, వార్డులో చాలాకాలం వాడాక

ఇన్హేలర్‌ను నేరుగా నోట్లో పెట్టుకుని కొట్టుకునేవాళ్లను వార్డులో రోజూ చూస్తుంటాను. నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాలి. చాలామందికి అది కుదరదు, మందులో ఎక్కువ భాగం నాలుక మీదా గొంతులోనే పడిపోతుంది. స్పేసర్ అంటే ఇన్హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం. కొట్టిన మందు కాసేపు అందులో నిలుస్తుంది, నిదానంగా పీల్చుకోవచ్చు. ఈ స్పేసర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని వాల్వ్. పీల్చినప్పుడల్లా ఆ పల్చటి పొర లేస్తుంది, వదలగానే మూసుకుంటుంది. "పీల్చినమ్మా" అనే మాటను నమ్మి ఊరుకోనక్కర్లేదు, కళ్లతో చూసి లెక్కపెట్టుకోవచ్చు. నర్సుకు ఇది ఎంత ఊరటో చెప్పలేను.

ఇంట్లో మా అత్తమ్మ కోసం కొన్నాం. ఆమెది పాత దమ్ము. మృగశిర కార్తె వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు వెళ్లి చేప మందు మింగి వచ్చేది కానీ, ఇన్హేలర్ అంటే మాత్రం అలవాటైపోతుందని భయపడేది. నెబ్యులైజర్ (మందును పొగలా మార్చే కరెంటు మిషన్) పొగ కనిపిస్తేనే ఆమెకు మందు పడినట్టు.

జనవరి చలిలో ఒక రాత్రి కరెంటు పోయింది, అదే సమయానికి ఆమెకు ఆయాసం మొదలైంది. మాట మధ్యలో తెగకుండా వస్తోంది, పెదాలు నీలం కాలేదు, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం ఉంది. ఇవన్నీ చూశాకే ఇంట్లో ఇవ్వడానికి ధైర్యం చేశాను. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేసేదాన్నే. నిటారుగా కూర్చోబెట్టి, పల్స్ చూసి, ఇన్హేలర్ బాగా ఊపి ఒక్క పఫ్ కొట్టాను. నాలుగైదు నిదానమైన శ్వాసలు తీసుకున్నాక మళ్లీ ఊపి ఇంకొకటి. అలా డాక్టరు రాసిచ్చిన ప్రకారం నాలుగు. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొడితే ఊపిరితిత్తులకు అందే మందు తగ్గుతుంది. సెల్‌ఫోన్ వెలుగులో వాల్వ్ లేస్తుంటే అత్తమ్మ కూడా దాన్నే చూస్తూ పీల్చింది. కాసేపటికి పిల్లికూతలు తగ్గాయి. చేతులు కొంచెం వణికాయి, పల్స్ పెరిగింది. ఆ ఇన్హేలర్‌లోని సాల్బుటమాల్ అనే మందుతో అది మామూలేనని ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఆమె టెన్షన్ పడలేదు. "మిషన్ లేకున్నా దమ్ము తగ్గింది బిడ్డా" అంది. ప్రాణం మీదికి రాని ఆస్తమాలో స్పేసర్ దాదాపు నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుందని వార్డులో బంధువులకు ఎంత చెప్పినా నమ్మరు. మా ఇంట్లో మాత్రం ఆ రాత్రి అందరూ నమ్మారు. నాలుగు గంటలు తిరగకుండానే మళ్లీ అవసరమైతే ఆస్పత్రికే పోవాలని కూడా అప్పుడే చెప్పాను.

అయితే వాల్వ్ చెప్పేది శ్వాస సంగతే, మందు సంగతి కాదు. మేం వాడే ఇన్హేలర్‌కు ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపే కౌంటర్ లేదు. 200 పఫ్‌లు అయిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది, వాల్వ్ లేస్తూనే ఉంటుంది. ఇది నాకు బాగా కోపం తెప్పించే విషయం. ఎప్పుడు మొదలుపెట్టామో డబ్బా మీద రాసి, కొట్టిన పఫ్‌లకు క్యాలెండర్‌లో గీతలు పెడుతున్నాం.

కడగడంలోనూ పేచీ ఉంది. గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి, తుడవకుండా గాలికే ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో స్టాటిక్ పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. ఈ మధ్య వాల్వ్ అంచు ముడుచుకుని సరిగా మూసుకోవడం మానేసింది. కోఠి సర్జికల్ షాపుల్లో అడిగితే వాల్వ్ విడిగా రాదన్నారు, మొత్తం కొత్తది కొన్నాం.

స్టీరాయిడ్ ఇన్హేలర్ కూడా ఇందులోనే ఇస్తున్నాను. సాల్బుటమాల్ ఇచ్చిన ఐదు నిమిషాలకు అది, తర్వాత నోరు పుక్కిలించాలి.

మా అత్తమ్మ చెప్తే వింటుంది, పక్కన నేనుంటాను, అందుకే మాకు ఇది బాగా కుదిరింది. కీళ్లనొప్పులతో డబ్బా నొక్కలేని పెద్దవాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉంటే ఇదొక్కటే చాలనను. కఫం పట్టి మౌత్‌పీస్ చుట్టూ పెదాలు బిగించలేని రోజులు అత్తమ్మకూ ఉంటాయి కాబట్టి, నెబ్యులైజర్ మేం ఎవరికీ ఇచ్చేయలేదు.