ఎన్టీఆర్ గొంతు, పీవీ మౌనం

1982లో పార్టీ పెట్టి, చైతన్యరథం ఎక్కి ఊరూరా మాట్లాడారు ఎన్టీఆర్. తొమ్మిది నెలల్లో అధికారం. జనాన్ని చూస్తే ఆయనకు ఊపొచ్చేది.

పీవీ మాట పొదుపు. మూతి బిగించి, ఎదుటివాళ్లు చెప్పేదంతా వినేవారు. పెద్ద వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. 1991లో మెజారిటీ లేకుండానే ప్రధాని అయ్యారు. పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకుని, జూలై 24న చాలా పరిశ్రమలకు లైసెన్సు విధానం ఎత్తేశారు. ఐదేళ్లూ ప్రభుత్వాన్ని నిలబెట్టారు. (1991లోనే నంద్యాల ఉపఎన్నికలో, తెలుగువాడు ప్రధాని అయ్యారని ఎన్టీఆర్ ఆయనపై పోటీ పెట్టలేదు. నాకెంతో ఇష్టమైన సంగతి.)

జనాన్ని కదిలించాలంటే ఎన్టీఆర్ గొంతే కావాలి. చిక్కుముడి విప్పాలంటే మాత్రం నేను పీవీ వైపే. అందుకే చుట్టాల ముందు "మావాడు నోరు విప్పడండీ" అని పిల్లాణ్ని తక్కువ చేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. వాడు అన్నీ వింటూనే ఉంటాడు.